ఇంట్లో లేత్ మిషన్: దసరా ముందు అందరూ అడిగే ప్రశ్నలు

ఇనుప, ఇత్తడి రాడ్లను తిప్పుతూ టూలుతో చెక్కే మిషనే లేత్. ఆదివారం పూట దాని ముందు నిలబడితే తప్ప తోచనివాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం లేరు. మాలో సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, పళ్ల డాక్టర్లున్నారు, రిటైరైన టర్నర్లూ ఫిట్టర్లూ ఉన్నారు. ఏటా దసరా సెలవుల్లో ఎవరో ఒకరి షెడ్డులో కలుస్తాం. ఆ ఏడు చేసిన వస్తువులన్నీ బల్ల మీద పరుస్తాం. చాయ్ తాగుతూ, సకినాలు నములుతూ ఒకరి పనిలో ఒకరు వంకలు వెతుకుతాం. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఏటా అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నా.

అన్నా, బయట చేయించుకుంటే చవకగా అయిపోతుంది కదా, ఇంట్లో లేత్ ఎందుకు?

అయిపోతుంది. బాలానగర్‌లో ఏ జాబ్ వర్క్ షాపుకెళ్లినా మీ బుష్ (చిన్న లోహపు గొట్టం ముక్క) అరగంటలో చేసి చేతిలో పెడతారు. డబ్బు లెక్క వేసుకుని ఇందులోకి దిగితే ఏ రోజూ గిట్టదు. 0.02 మి.మీ. గీతను చూస్తూ హ్యాండిల్ తిప్పినప్పుడు ఇనుము మీ మాట వింటుందే, అది కావాలనుకునేవాళ్ల కోసమే ఈ సరదా. ఇంట్లోవాళ్లకి మాత్రం "రిపేర్లు మనమే చేసుకోవచ్చు" అని చెప్పండి, అందరం అదే చెప్పాం.

ఏ మిషన్ కొనాలి? కొత్త మినీ లేతా, పాత పెద్దదా?

ముందు మీ స్థలం చూడండి, తర్వాత మీ ఓపిక చూసుకోండి.

మినీ లేత్ అంటే సాధారణంగా 7×14 సైజు. 7 అంగుళాల స్వింగ్ (పట్టే రాడ్డు గరిష్ట వ్యాసం), సెంటర్ల మధ్య (రాడ్డు పొడవుకి) 14 అంగుళాలు. బరువు 40 కిలోల పైచిలుకు, ఇద్దరు కలిస్తే లిఫ్టులో పెట్టి తీసుకెళ్లొచ్చు. ఇంటి కరెంటుకే నడుస్తుంది, స్పీడ్ నాబ్‌తో మారుతుంది. లోపాలూ ఉన్నాయి. చాలా మోడళ్లలో హెడ్‌స్టాక్ (ఎడమవైపు, రాడ్డును తిప్పే పెట్టె) లోపల ప్లాస్టిక్ గేర్లుంటాయి, కట్ ఎక్కువ ఇస్తే పళ్లు ఎగిరిపోతాయి. స్పిండిల్ (తిరిగే ఇరుసు) రంధ్రం 20 మి.మీ. కాబట్టి అంతకన్నా లావు రాడ్డు అందులోంచి దూరదు. స్లైడ్లు (టూలును జరిపే భాగాలు) వదులుగా వస్తాయి. విప్పి, కడిగి, గిబ్బులు (స్లైడ్ల సందు సర్దే పట్టీలు) సర్ది మళ్లీ బిగించుకుంటే తప్ప అది మిషన్ అనిపించుకోదు. పెట్టెలో వచ్చింది సగం తయారైన సరుకని అనుకుంటే నిరాశ ఉండదు.

పాతది అంటే ఎక్కువగా బటాలా, లుధియానా, రాజ్‌కోట్ వైపు నుంచి వచ్చిన నాలుగున్నర, ఆరు అడుగుల బెడ్ (కింది పొడుగు దిమ్మె) ఉన్న లేతులు. అదృష్టముంటే పాత హెచ్‌ఎంటీ కూడా తగులుతుంది. షాపులు మూసేసేవాళ్లు అమ్ముతుంటారు. పోత ఇనుము బెడ్, బరువు వందల కిలోల్లో. కట్ ఇచ్చినప్పుడు కదలదు, వణకదు. నేనైతే గ్రౌండ్ ఫ్లోర్ ఉన్న ఎవరికైనా ఇదే చెబుతా.

కొనేముందు మూడు పనులు చేయండి. క్యారేజ్‌ని (టూలును మోసే బండి) చక్ (రాడ్డును పట్టే భాగం) దగ్గరకు తెచ్చి అక్కడ గిబ్ బిగించండి, తర్వాత కుడి చివరన ఉండే టెయిల్‌స్టాక్ వైపు జరపండి. మధ్యలో పట్టేసిందంటే చక్ దగ్గర బెడ్ అరిగిపోయినట్టే, ఎందుకంటే పని అంతా జరిగేది అక్కడే. రెండోది, చక్‌లో లావుపాటి రాడ్డు బిగించి, డయల్ ఇండికేటర్ (వెంట్రుకవాసి కదలికను సూదితో చూపే గేజి) ఆనించి, కర్రతో పైకి ఎత్తి చూడండి. సూది ఎక్కువ ఊగితే స్పిండిల్ బేరింగుల ఖర్చు ముందుంది. మూడోది, థ్రెడ్డింగ్‌కి (మరలు కోయడానికి) వాడే ఛేంజ్ గేర్లు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. "గోదాములో ఉన్నయ్ సార్, రేపు పంపిస్తా" అన్నారంటే ఆ గేర్లు ఇక రావు.

పైన కొత్త పెయింటు నిగనిగలాడుతుంటే ఇంకాస్త అనుమానంగా చూడండి.

మాది మూడో అంతస్తు. పెట్టుకోవచ్చా?

మినీ లేత్ అయితే నిక్షేపంగా. ఇళ్ల స్లాబులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. పెద్ద లేత్ బరువంతా నాలుగు కాళ్ల కింద పడుతుంది, అందులో సగానికన్నా ఎక్కువ హెడ్‌స్టాక్ వైపే. ఆ లెక్కలు స్ట్రక్చరల్ ఇంజనీరుకి వదిలేసి పెద్ద మిషన్‌ని నేల మీదే ఉంచండి.

చప్పుడు సంగతి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. లేత్ స్వతహాగా పెద్దగా అరవదు. అరిచేవి బెంచ్ గ్రైండర్, హ్యాక్‌సా, సుత్తి. బల్ల కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేయండి. కింది ఫ్లాటు ఆంటీకి దసరాకి ఒక ఇత్తడి దీపపు కుంది చేసి ఇవ్వండి. ఆ రెండోదే బాగా పనిచేస్తుంది.

సెల్లార్ పార్కింగ్‌లో పెడదామనుకోకండి. అసోసియేషన్ మీటింగుల్లో మీ లేతే ప్రతి నెలా మొదటి అంశం అవుతుంది.

త్రీ ఫేజ్ మోటార్ ఉన్న పాత మిషన్ ఇంటి కరెంటుకి నడుస్తుందా?

నడుస్తుంది, వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టుకుంటే. సింగిల్ ఫేజ్ 230 వోల్టులు లోపలికి తీసుకుని త్రీ ఫేజ్ 230 వోల్టులు బయటికిచ్చే రకం అడగండి. కిటుకు మోటార్‌లో ఉంది. మన దగ్గర చిన్న మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో వస్తాయి. టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికి ఉంటే డెల్టాకి మార్చుకోవచ్చు, అప్పుడు 240 వోల్టులకు సరిపోతుంది. మూడే కొసలుంటే వైండింగ్ షాపుకి వెళ్లి మిగతా మూడు బయటికి తీయించాలి.

ఇంకో రెండు మాటలు. వీఎఫ్‌డీకీ మోటార్‌కీ మధ్య పాత డ్రమ్ స్విచ్ (ముందుకీ వెనక్కీ మార్చే స్విచ్) ఉంచి, నడుస్తుండగా తిప్పితే వీఎఫ్‌డీ కాలిపోవచ్చు. ఫార్వర్డ్, రివర్స్ రెండూ వీఎఫ్‌డీ కంట్రోల్ టెర్మినల్స్‌కే ఇవ్వండి. పాత లేతుల్లో చక్ స్పిండిల్ ముక్కు మీద మరమేకులా తిరిగి కూర్చుంటుంది. బ్రేకింగ్ టైమ్ మరీ తక్కువ పెట్టినా, ఒక్కసారిగా రివర్స్ కొట్టినా చక్ ఊడి ఒళ్లో పడుతుంది. ఎర్తింగ్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

సరుకు ఎక్కడ దొరుకుతుంది?

ఈ ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమంటే నాకు ఇష్టం.

టూల్ బిట్లు, ట్యాపులు (రంధ్రంలో మరలు కోసేవి), డ్రిల్లులు, బేరింగులు, బెల్టులు కావాలంటే రాణిగంజ్. పొద్దున పదకొండుకి వెళ్లండి, అంతకుముందు షట్టర్లు లేవవు. కావాల్సింది కాగితం మీద సైజుతో సహా రాసుకెళ్లండి. "ఒక మంచి ట్యాపు ఇవ్వన్నా" అంటే మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. "ఎం8, 1.25 పిచ్, హెచ్‌ఎస్‌ఎస్, మూడింటి సెట్" అంటే మర్యాదగా కుర్చీ వేస్తారు. (ఎం8 అంటే 8 మి.మీ. మర, హెచ్‌ఎస్‌ఎస్ అంటే హై స్పీడ్ స్టీల్.) పాత షాపుల్లో ఇంకా సూతుల్లోనే మాట్లాడతారు. అంగుళానికి 8 సూతులు, కాబట్టి "నాలుగు సూతుల రాడ్డు" అంటే అరంగుళం.

రాడ్డు ముక్కలకు బాలానగర్, ఫతేనగర్, జీడిమెట్ల వైపు స్క్రాప్ కొట్లు. అటువైపు ఉండేవాళ్లకు కుషాయిగూడ, చర్లపల్లి. షాపుల్లో మిగిలిన కొసలు కిలో లెక్కన దొరుకుతాయి. ఇత్తడి ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఖరీదు, కాబట్టి కొసల్లోనే కొనండి. తుప్పు పట్టిన రాడ్డు చూసి వెనక్కి తగ్గకండి, ఒక్క కట్‌తో పోతుంది. కానీ ఏ గ్రేడో తెలియని ఇనుము కొంటే టూలుకు తెలుస్తుంది. కొత్తవాళ్లకి ఈఎన్1ఏ లెడెడ్ (సీసం కలిపిన, తేలిగ్గా తెగే ఉక్కు) అడగమంటా. వెన్నలా కోస్తుంది, ఫినిష్ కూడా వస్తుంది. తర్వాత ఈఎన్8. మామూలు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) జిగటగా చిరుగుతుంది, మెరుపు రాక మీలోనే ఏదో లోపముందని అనిపిస్తుంది. లోపం ఇనుములోనే ఉంది.

ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీ జుమేరాత్ బజార్ కూడా చూడండి. పాత మైక్రోమీటర్లు, వైసులు, ఆకురాళ్లు అప్పుడప్పుడు కనిపిస్తాయి. మైక్రోమీటర్ కొనేముందు రెండు కొసలూ కలిపి సున్నా చూడండి. తర్వాత జేబులో ఉన్న మంచి బేరింగ్ బయటి వ్యాసం కొలవండి. 608 బేరింగ్ అయితే 22 మి.మీ. రావాలి. జేబులో ఒక బేరింగ్ వేసుకుని సంతకి వెళ్లడం మనవాళ్లకే చెల్లింది.

మిషన్‌తో పాటు మొదట ఏం కొనాలి?

0.02 మి.మీ. దాకా చూపే వెర్నియర్, 0–25 మి.మీ. మైక్రోమీటర్, మ్యాగ్నెటిక్ స్టాండ్‌తో డయల్ ఇండికేటర్, ఫోర్ జా చక్ (నాలుగు జాలూ, అంటే పట్టే పళ్లూ, విడివిడిగా జరిగేది), సెంటర్ డ్రిల్లులు, 6 అంగుళాల బెంచ్ గ్రైండర్, కళ్లద్దాలు. మిగతావి పని పడినప్పుడు. మిషన్‌కి పెట్టినంత ఖర్చు దీనికీ అవుతుంది. ఈ మాట కొనేముందు ఎవరూ చెప్పరు.

త్రీ జా చక్ (మూడు పళ్లూ కలిసి జరిగేది) మీద పిచ్చి నమ్మకం పెట్టుకోకండి. కొత్తదానికే 0.05 మి.మీ. పైన ఊగుడు ఉండొచ్చు. జాబ్ (చెక్కుతున్న ముక్క) తీసి మళ్లీ పెట్టాల్సి వస్తే ఫోర్ జా, డయల్. మొదట్లో సెట్ చేయడానికి పావుగంట పడుతుంది, అలవాటైతే రెండు నిమిషాలు.

కార్బైడ్ ఇన్సర్టులు (అరిగితే మార్చుకునే గట్టి మొనలు) వాడాలా, హెచ్‌ఎస్‌ఎస్ టూలుకి రాయి మీద పదును పెట్టుకోవాలా?

చిన్న మిషన్‌కి హెచ్‌ఎస్‌ఎస్. కార్బైడ్‌కి వేగం, బరువు, గట్టిదనం కావాలి. మినీ లేత్ దగ్గర ఆ మూడూ లేవు. మిరండా కంపెనీ బిట్టు ఒకటి కొని, రాయి మీద మీరే పదును పెట్టండి. మొదటి రెండు బిట్లు రాయికే అర్పణం అనుకోండి. వేడెక్కితే నీళ్లలో ముంచండి. బ్రేజ్ చేసిన కార్బైడ్ టూలును మాత్రం వేడి మీద నీళ్లలో ముంచొద్దు, పగుళ్లిస్తుంది, దానికి రాయి కూడా పచ్చరంగుది కావాలి. అల్యూమినియం, ఇత్తడి ముక్కల్ని గ్రైండర్‌కి ఆనించకండి, రాయి రంధ్రాలు పూడుకుపోతాయి.

ఇత్తడికి టూలు పైభాగం చదునుగా ఉండాలి, టాప్ రేక్ సున్నా. ఇనుముకు పెట్టినట్టు వాలు పెడితే టూలు లోపలికి లాక్కుంటుంది. డ్రిల్లుకీ అంతే, అంచు కొద్దిగా మొండి చేయాలి.

స్పీడ్ ఎంత పెట్టాలి?

318 ని కటింగ్ స్పీడ్‌తో గుణించి, జాబ్ వ్యాసంతో భాగించండి. కటింగ్ స్పీడ్ నిమిషానికి మీటర్లలో, వ్యాసం మి.మీ.లో. హెచ్‌ఎస్‌ఎస్ టూలుతో ఎమ్మెస్‌కి 25, పోత ఇనుముకు 20, ఇత్తడికి 50, అల్యూమినియంకి 60 పైన. 20 మి.మీ. ఎమ్మెస్ రాడ్డయితే సుమారు 400 ఆర్‌పీఎం. థ్రెడ్డింగ్‌కి, పార్టింగ్‌కి (ముక్కను కోసి వేరు చేయడానికి) ఇందులో మూడోవంతు చాలు. అల్యూమినియంకి కిరోసిన్ చుక్కలు, ఇనుముకు కటింగ్ ఆయిల్, ఇత్తడికీ పోత ఇనుముకూ ఏమీ వద్దు.

సార్, నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? వీడియోలు చూస్తే చాలదా?

వీడియోలో చప్పుడు సరిగా వినపడదు. టర్నింగ్‌లో సగం విద్య చెవిలోనే ఉంది.

ఈ ఊరికి ఒక వరం ఉంది. ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. టూల్ అండ్ కట్టర్ గ్రైండర్లు, మిల్లింగ్ మిషన్లు తయారుచేసిన సంస్థ అది. ఆల్విన్ 1942లో మొదలై బస్సుల బాడీలు, ఫ్రిజ్జులు, వాచీలు చేసింది. తర్వాత హెచ్‌ఎంటీ, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, ఐడీపీఎల్. ఆ షాపుల్లో చేతులు కాల్చుకుని పని నేర్చినవాళ్లు రిటైరై సనత్‌నగర్, చింతల్, లింగంపల్లి కాలనీల్లో మనవళ్లని బడికి దింపుతూ కనిపిస్తారు. వెళ్లి అడగండి. ఫీజు అడగరు, చాయ్ తాగితే గొప్ప. మీ దగ్గర మిషన్ ఉందని తెలిస్తే మర్నాడు వాళ్లే గుమ్మంలో ఉంటారు.

మా షెడ్డుకు వచ్చే ఉస్తాద్ ఒకాయన ఉన్నారు. కుర్చీ మిషన్‌కి వీపు పెట్టి వేసుకుంటారు. మనం కట్ ఇస్తుంటే పేపర్ చదువుతూనే, "బిడ్డా, టూలు సెంటర్‌కి కిందుంది" అంటారు. ఫేసింగ్ చేసి (కొసను చదును చేసి) చూస్తే నిజంగానే మధ్యలో బొడిప మిగిలి ఉంటుంది. టూలు ప్యాకింగ్ కింద పలచటి రేకు ముక్క పెట్టి ఎత్తితే పోతుంది. కూత పెడితే టూలు బయటికి ఎక్కువ వచ్చిందని, గరగరమంటే ఫీడ్ ఎక్కువైందని, చప్పుడు నున్నగా పలచబడితే మొన పోయిందని ఆయనే చెప్పారు. నాకు తెలిసి ఈ సరదాలో డబ్బు పెట్టి కొనలేనిది అదొక్కటే. ఆ తరం ఉండగానే వెళ్లి నేర్చుకోవాలి.

పద్ధతిగా చదవాలంటే బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ రెండేళ్లు. రాయదుర్గంలో 2023 మార్చి 2న తెరిచిన టీ-వర్క్స్‌లో 78,000 చదరపు అడుగుల్లో మిషన్లున్నాయి. సొంత లేత్ కొనేముందు అలాంటి చోట ఒకసారి తిరిగి చూస్తే మీకేం కావాలో తెలుస్తుంది.

మొదటి ప్రాజెక్ట్ ఏం చేయాలి?

సుత్తి. పిడికి నర్లింగ్ (పట్టు కోసం గరుకు గీతలు), కొసకు థ్రెడ్డు, తలకు డ్రిల్లింగ్, ట్యాపింగ్. అన్ని పనులూ ఒక్క వస్తువులో వస్తాయి, జీవితాంతం వాడతారు. ఎం8 ట్యాపుకి 6.8 డ్రిల్లు, ఎం6కి 5, ఎం5కి 4.2. ఇవి గోడ మీద రాసుకోండి.

దసరాకి ఎవరికైనా ఇవ్వడానికి ఏం చేస్తే బాగుంటుంది?

కుంకుమ భరిణె. నా లెక్కలో ఇంతకు మించిన కానుక లేదు. చిన్నది, ఇత్తడి తక్కువ పడుతుంది, చేసినవాడి చేతి ఒడుపు మూత తీయగానే తెలిసిపోతుంది.

32 మి.మీ. ఇత్తడి రాడ్డు తీసుకోండి. మూత ముందు చేయండి, ఎందుకంటే లోపలి వ్యాసం కొలవడం కష్టం, బయటిది తేలిక. మూత లోపలి బోరు 27 మి.మీ. దగ్గర ఎంత వస్తే అంత రానివ్వండి, కానీ గోడ నున్నగా, వాలు లేకుండా రావాలి. బోరింగ్ బార్ (రంధ్రం లోపల కోసే టూలు) ఒకే కొలత మీద రెండు మూడుసార్లు ఊరికే నడిపించండి. బార్ వంగడం వల్ల మిగిలిన వెంట్రుకవాసి కూడా తెగిపోతుంది. తర్వాత డబ్బా మెడను ఆ మూతకు సరిపోయేలా తీయండి. చివరి 0.1 మి.మీ.కి వచ్చాక ఆగండి. జాబ్ చల్లారనివ్వండి.

ఈ ఆగడం ఎందుకంటే, ఇత్తడి డిగ్రీకి పది లక్షల్లో 19 వంతుల చొప్పున పెరుగుతుంది. జాబ్ 30 డిగ్రీలు వేడెక్కి ఉంటే 27 మి.మీ. మెడ 0.015 పెరిగి ఉంటుంది. మనకు కావాల్సిన సందే 0.03, 0.04. వేడి మీద సరిగ్గా సరిపోయిందని సంబరపడితే, చల్లారాక మూత లొడలొడలాడుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి మైక్రోమీటర్ కూడా అక్కర్లేదు. డబ్బా బల్ల మీద పెట్టి, మూత పైన పెట్టి వదిలేయండి. లోపలి గాలి ఆ సన్నటి సందులోంచి పోవాలి కాబట్టి మూత ఒక్కసారి పడదు, మెల్లగా దిగుతుంది. తీసేటప్పుడు 'ఫుట్' మని చిన్న చప్పుడు వస్తుంది. మా దసరా బల్ల దగ్గర అందరూ ముందు చేసే పని ఆ మూత వదిలి చూడటమే.

మెరుగుకి 800, తర్వాత 1200 నంబరు కాగితం. చెక్కపేడుకి చుట్టి ఆనించండి, వేళ్లకు చుట్టుకోకండి. కొన్నాళ్లకు ఇత్తడి నల్లబడిందని ఫోన్ చేస్తారు, చింతపండు పులుసుతో తోమమనండి.

ఒక హెచ్చరిక. బాగా తెగే ఇత్తడి రాడ్డులో సుమారు 2 నుంచి 3.5 శాతం సీసం ఉంటుంది. భరిణెకు, దీపపు కుందికి పరవాలేదు. చెంచాలు, గ్లాసులు, పచ్చడి రోకళ్లు మాత్రం దాంతో చేయకండి.

బొంగరాల పోటీ అంటారు, అదేంటి?

వేళ్లతో తిప్పే బొంగరం. ఎవరిది ఎక్కువసేపు తిరిగితే వాళ్లది గెలుపు. షేవింగ్ అద్దం, పుటాకారంగా ఉన్న వైపు పైకి పెట్టి దాని మీద తిప్పుతాం. బరువు అంచుకి తోయాలి, మధ్యలో తొలిచేయాలి, ఎత్తు తగ్గించాలి. కొసకు పాత బేరింగ్‌లోంచి తీసిన స్టీలు బంతి. అన్నిటికన్నా ముఖ్యం, అంచూ కాడా కొసా అన్నీ ఒకే పట్టులో, చక్‌లోంచి తీయకుండా పూర్తి చేయడం. తీసి తిప్పి పెట్టారా, ఊగుడు వచ్చేస్తుంది. పిల్లలు కూడా ఈ పోటీలోనే దిగుతారు. పెద్దవాళ్లు ఓడిపోయాక గాలి వీచిందంటారు.

ఆవిరి ఇంజిన్ చేయాలనుంది. కష్టమా?

ఊగే సిలిండర్ రకంతో మొదలుపెట్టండి. అందులో వాల్వులుండవు. సిలిండర్ ఊగుతుంటే దాని రంధ్రమే ఇన్లెట్‌కి ఒకసారి, ఎగ్జాస్ట్‌కి ఒకసారి ఎదురవుతుంది. 12 మి.మీ. బోరు, 50 మి.మీ. ఫ్లైవీల్ చాలు. సిలిండర్ ముఖం, అది ఆనే దిమ్మె ముఖం రెండూ అద్దం మీద పరిచిన 600 నంబరు కాగితం మీద రుద్ది చదును చేయండి. ఇంజిన్ నడవలేదంటే చాలాసార్లు కారణం అక్కడి గాలి లీకే.

నడపడానికి గాలి చాలు, చిన్న కంప్రెసర్ నుంచి 1 బార్ ఒత్తిడి. బాయిలర్ మాత్రం ఇంట్లో చేయొద్దు. లీటరు నీళ్లు ఆవిరైతే పదహారు వందల లీటర్లకు పైనే అవుతాయి. డబ్బా పగిలితే ఆ విస్తరణంతా గదిలో ఒక్క క్షణంలో జరుగుతుంది. ఈ విషయంలో మా దగ్గర వాదన లేదు, బాయిలర్ తెచ్చినవాళ్ల ఇంజిన్ని కూడా గాలితోనే నడుపుతాం.

ఆయుధ పూజకి లేత్‌కి పసుపు కుంకుమ పెట్టొచ్చా? తుప్పు పడుతుందంటున్నారు.

పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న.

నవమి నాడో దశమి నాడో, ఎవరి ఇంటి ఆనవాయితీ వాళ్లది. ముందురోజు మిషన్ మొత్తం తుడవండి. చిప్స్ బ్రష్షుతో తీసి, బెడ్‌కి స్లైడ్‌వే ఆయిల్ పట్టించండి. ఏడాదికోసారి చేసే శుభ్రం చాలామందికి ఇదే, దేవుడి పేరన్నా చెప్పి చేస్తారు.

పసుపు నీళ్లతో కలిపి బెడ్ మీద, చక్ జాల మీద, క్రాస్ స్లైడ్ మీద పెడితే మర్నాటికి ఆ బొట్టు ఆకారంలోనే తుప్పు మరక ఉంటుంది. రాకితే పోతుంది కానీ గుంట మిగులుతుంది. అందుకని బొట్లన్నీ పెయింటు ఉన్నచోట, హెడ్‌స్టాక్ మూత మీద, మోటార్ కవరు మీద పెట్టండి. పసుపును నీళ్లకు బదులు నువ్వుల నూనెతో తడిపితే ఇంకా నయం. టూళ్లన్నీ తాంబాళంలో తమలపాకుల మీద పేర్చి పూజ చేయొచ్చు. మైక్రోమీటర్లు, డయల్ ఇండికేటర్లు వాటి పెట్టెల్లోనే ఉండనివ్వండి. పెట్టె మీద బొట్టు పెడితే లోపలి దానికి చేరుతుంది.

కొబ్బరికాయ మిషన్ మీద కొట్టకండి. కొబ్బరినీళ్లలో లవణాలున్నాయి, మామూలు నీళ్లకన్నా పాడు. గుమ్మడికాయ గుమ్మం బయట. కర్పూరం వెలిగించేముందు కిరోసిన్ డబ్బా, నూనె గుడ్డల బుట్ట వేరే గదికి చేర్చండి. ఇది చాదస్తం కాదు.

బంతిపూల దండ చక్‌కి వేస్తే ఫొటోలో భలే ఉంటుంది. కానీ మర్నాడు స్విచ్ వేసేముందు దండ తీశారా, దారం ముక్క జాల వెనక చిక్కుకుందా అని చేత్తో చక్ తిప్పి చూడండి. మా దగ్గర దండ వేయగానే ప్లగ్గు పీకేసి, ప్లగ్గు మీదే ఒక పువ్వు పెడతాం. పువ్వు తీస్తే తప్ప ప్లగ్గు పెట్టడానికి లేదు.

ఆ రోజు మిషన్ నడపకూడదా?

మా ఉస్తాద్ నడపనివ్వరు. "అది కూడా సెలవు తీసుకోవాలె" అంటారు. ఆ పూట జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కడం, అలయ్ బలయ్, పాలపిట్ట కనబడుతుందేమోనని ఆకాశం చూడటం ఉంటాయి. ఎలాగూ పని సాగదు.

సంక్రాంతికి పతంగుల చరఖా లేత్ మీద చేయొచ్చా?

చేయొచ్చు, మంచి పని. రెండు వైపులా 608 బేరింగులు వేస్తే దారం వదిలేటప్పుడు చేతిలో ఉన్నట్టే ఉండదు. బేరింగ్ లోపలి వ్యాసం 8, బయటిది 22, మందం 7. పిడిని అల్యూమినియంతో చేసి, బేరింగ్ గూడు 22 కంటే వెంట్రుకవాసి తక్కువ తీస్తే నొక్కితే కూర్చుంటుంది. నూలు దారమే చుట్టండి. నైలాన్ మాంజా మీద 2017 నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధం ఉంది. పక్షుల సంగతి అటుంచితే, బండి మీద పోయేవాళ్ల మెడలు కోసిన వార్తలు ప్రతి జనవరిలో చదువుతూనే ఉన్నాం.

గ్లవ్స్ వేసుకుంటే చేతులు భద్రం కదా?

లేత్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు. గ్లవ్ చిక్కితే వేలు దాంతోపాటే పోతుంది. పొడుగు చేతుల చొక్కా, చున్నీ, విప్పిన జడ, మెడలో గొలుసు, చేతికి కట్టుకున్న పూజ దారం, అన్నీ పక్కన పెట్టి రావాలి. పండగ బట్టల్లో "ఒక్క కట్ చూపిస్తా" అనేవాళ్లని ఆపండి. చక్ కీ చక్‌లో వదిలి చెయ్యి తీయకూడదు. కీ చేతిలో ఉండాలి, లేదా దాని గూట్లో ఉండాలి. తిరుగుతున్న జాబ్‌ని గుడ్డతో తుడవకూడదు. చిప్స్ పొడుగ్గా చుట్టలు చుట్టుకుని వస్తుంటే చేత్తో లాగకండి, ఇనుప కొక్కెం ఒకటి చేసి పెట్టుకోండి. కళ్లద్దాలు లేనివాళ్లు షెడ్డు గీత దాటరు, చూడటానికి వచ్చిన మామయ్య అయినా సరే.

వానాకాలం తుప్పు?

పని అయిపోగానే నూనె పూసి, దుప్పటి కాకుండా నూలు గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుంది.

దీంతో డబ్బులు సంపాదించొచ్చా?

సంపాదించొచ్చు, కానీ అప్పుడు ఆదివారం పోతుంది.

ఈసారి దసరా కలయికకి ఏం తేవాలి?

ఈ ఏడు చేసిన వస్తువు ఒకటి, పూర్తయినా సగంలో ఉన్నా పరవాలేదు. పాడైపోయిన జాబ్ అయితే ఇంకా మంచిది, ఎందుకు పాడైందో చెప్పడానికి నలుగురు పోటీ పడతారు. మీ దగ్గర వాడకుండా పడి ఉన్న రాడ్డు కొసలు తెచ్చి మధ్యలో బుట్టలో వేయండి, వెళ్లేటప్పుడు మీకు పనికొచ్చేది ఒకటి తీసుకెళ్లండి. సర్వపిండి చేసేవాళ్లుంటే ముందే చెప్పండి, పోయినసారి అందరికీ అందలేదు. ఇంట్లోవాళ్లని తీసుకురండి. పిల్లలకి బొంగరాలు మేమే ఇస్తాం, బూట్లు మాత్రం మీరు వేసి పంపండి, చెప్పులతో షెడ్డులోకి రానివ్వం.